ఏ పచ్చ?

నిచ్చెన ముందు కొస బావమరిది భుజం మీద, వెనుక కొస మేస్త్రి భుజం మీద ఉన్నాయి. సందు మలుపు దగ్గర ఎప్పటిలాగే ఇద్దరికీ తేడా వచ్చింది. ముందువాడు కుడికి తిరిగితే వెనుకవాడు ఎడమకు జరగాలన్నది మేస్త్రి సిద్ధాంతం. ఇద్దరూ ఒకే వైపు తిరగాలన్నది బావమరిది సిద్ధాంతం. ఇన్నేళ్ళలో ఏ సిద్ధాంతమూ నెగ్గలేదు గనుక, నిచ్చెన ప్రతిసారీ మూలనున్న గోడను గీసుకుంటూ వెళ్ళేది. ఆ ఇంటాయన గోడకు రంగు వేయించడం, వీళ్ళు మళ్ళీ గీయడం, ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి వీళ్ళను తిట్టడం ఆ వీధికి అలవాటైపోయింది. ఈమధ్య ఆయన తిట్టడం కూడా మానేసి, బాగున్నారా అని పలకరిస్తున్నాడు.

"కాస్త ఆగవోయ్. గోడలోకి దూరిపోతావా ఏమిటి?"

"నేను ఆగే ఉన్నాను బావా. నువ్వే తోసుకొస్తున్నావు."

"నేను తోస్తే ఈపాటికి నువ్వు ఆ వీధి చివర ఉండేవాడివి."

"మనం వెళ్ళాల్సింది ఆ చివరికేగా."

మేస్త్రి నిచ్చెనను ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. వెళ్ళడం అన్న మాట ఎవరి నోట వచ్చినా ఆయనకు వారం రోజులుగా చెవిలో గుచ్చుకుంటోంది.

మేస్త్రి సన్నటి మనిషి. మోచేతులు, మోకాళ్ళు, గొంతుముడి అన్నీ బయటికి పొడుచుకువచ్చి, చర్మం సరిపోక ఎక్కడికక్కడ లాగి కట్టినట్టుండేవాడు. ముందు పన్ను సగం విరిగి ఉండేది. బావమరిది అందుకు పూర్తిగా విరుద్ధం. పెద్ద ఒళ్ళు, మెత్తటి భుజాలు, నెమ్మదైన నడక. నవ్వు వస్తే ముందు పొట్ట కదిలేది, ఆ తర్వాత ఎప్పటికో మొహం కదిలేది. ఊళ్ళో వీళ్ళిద్దరి అసలు పేర్లు ఎవరికీ అవసరం పడలేదు. గుమ్మంలోకి రాగానే పిల్లలు లోపలికి కేకవేసేవాళ్ళు: "అమ్మా, కరెంటూ నిచ్చెనా వచ్చాయి."

నిచ్చెన అన్న పేరు బావమరిదికి ఊరికే రాలేదు. ఆయన వైరింగు పని ఎన్నడూ నేర్చుకోలేదు. నేర్చుకోమని అడిగితే, ఇంట్లో ఒకడికి షాకు కొడితే చాలదా అనేవాడు. ఆయన పని రెండే. మెయిన్ స్విచ్చి దింపడం, నిచ్చెన పట్టుకోవడం. ఈ రెండు పనులతోనే జుట్టు నెరిసింది. పెళ్ళి గురించి ఎవరైనా అడిగితే, నిచ్చెన వదిలితే బావ పడిపోతాడని చెప్పి తప్పించుకునేవాడు. ఆ మాట విని అందరితోపాటు మేస్త్రి కూడా నవ్వేవాడు.

ఇప్పుడు నవ్వు రావడం లేదు. బజారులో దారాల కొట్టు నడిపే ఆవిడ, భర్త పోయిన మనిషి, తన అక్క ఉన్న వేరే ఊరికి కొట్టు మార్చుకుంది. మార్చుకుంటూ బావమరిదిని అడిగింది: నువ్వూ రా, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టేసి ఒక ఇంట్లో ఉందాం, అని. ఆయన ఆ సంగతి బావతో చెప్పి, "నువ్వు వద్దంటే మానేస్తాను బావా" అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. బావమరిది మర్యాద కోసం ఆ మాట అనలేదు. మేస్త్రి ఒక్కసారి మొహం ముడుచుకుంటే చాలు, ఆయన సంచీ విప్పి బట్టలు మళ్ళీ చిలక్కొయ్యకు తగిలించేవాడు, ఆ తర్వాత ఎప్పుడూ ఆ ఊసెత్తేవాడు కాదు. అంత తేలికగా చెడగొట్టగలిగిన పనిని చెడగొట్టకుండా ఉండడం ఎంత కష్టమో మేస్త్రికి ఈ వారంలో తెలిసివచ్చింది. ఆయన "చూద్దాం" అన్నాడు. మర్నాడూ "చూద్దాం" అన్నాడు. బస్సు ఈ సాయంత్రం. పొద్దున టీ గ్లాసు చేతికిస్తూ భార్య కుండబద్దలు కొట్టింది.

"చూసింది చాలు. వాడి సంచీ నేను సర్దేశాను. అవునో కాదో ఇవాళ చెప్పెయ్యండి. వాడు నాకు తమ్ముడు, మీ నిచ్చెనకు మూడో కాలు కాదు."

పని ఒప్పుకున్న ఇల్లు వీధి చివర ఉంది. ఇల్లాలు తలుపు తీసి, ముందు నిచ్చెన కొసను చూసి, తర్వాత తన గోడలను చూసుకుని, పక్కకు తప్పుకుంది. భోజనాల గదిలో బల్ల మీద కొత్త దీపం సిద్ధంగా ఉంది. బోర్లించిన గిన్నె లాంటి పాల రంగు గాజు, చుట్టూ ఇత్తడి అంచు, పైన ఇనుప పళ్ళెం, ఆ పళ్ళెంలోంచి బయటికి వచ్చిన మూడు పొట్టి తీగలు. ఆమె ఒక చేత్తో దీపంతో వచ్చిన కాగితం పట్టుకుని ఉంది. రాత్రి అంతా చదివి కంఠస్థం చేసినట్టే ఉంది.

"గోధుమరంగు తీగను పైనున్న ఎర్రదానికి కలపాలట, నీలంది నల్లదానికట. ఇదిగో ఈ చారలది పచ్చదానికట. అంతే కదా మేస్త్రిగారూ?"

"అంతేనమ్మా. ముందు పైన ఏముందో చూద్దాం."

బావమరిది వసారాలోని మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్ళాడు. ఖట్‌మని చప్పుడైంది. వంటింట్లో ఫ్రిజ్ ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంది. "దింపాను బావా, జేబులో ఉంది" అని కేక వినబడింది. ఆయన తిరిగి వచ్చి, కప్పు దూలానికి నిచ్చెన ఆనించి, రెండు చేతులతో పట్టుకుని, ఒక కాలు కింది మెట్టు మీద ఆనించాడు. గచ్చు అద్దంలా మెరుస్తోంది. వదిలితే జారిపోయే రకం. మేస్త్రి పైకెక్కి, పాత దీపం తాలూకు మూత విప్పి, లోపలికి చూసి, నాలుక చప్పరించాడు.

"ఏమిటి? ఎర్రది కనిపించిందా?" ఇల్లాలు కింద నుంచి అడిగింది.

"అన్నీ తెల్లవే తల్లీ."

"తెల్లది కాగితంలో లేదే."

"కాగితం రాసినవాడు మీ ఇంటికి రాలేదు కదమ్మా. కప్పుకు రంగు వేసిన ప్రతివాడూ మూత తీసి పక్కన పెట్టి, తీగల్నీ కలిపి అలికేశాడు. మూడూ ఒకటే రంగు."

"అయితే ముందు అల్లుణ్ణి వెతకాలన్నమాట" అన్నాడు బావమరిది.

"ఏ అల్లుడు?" అంది ఇల్లాలు.

బావమరిదికి ఈ ప్రశ్న అంటే మహా ఇష్టం. పని ఎంత ఆలస్యమైనా సరే, దీనికి జవాబు నింపాదిగా చెప్పేవాడు. కరెంటు మోసుకొచ్చే తీగ అల్లుడు. ఏ వేళ ఏ కోపంతో ఉంటాడో తెలియదు, దగ్గరికెళ్తే కొడతాడు, అలాగని అతను రాకపోతే ఇంట్లో వెలుగు లేదు. రెండోది ఆడపడుచు. వచ్చిందంతా మూటగట్టుకుని వచ్చిన దారినే వెనక్కి పట్టుకెళ్తుంది. పట్టుకెళ్తేనే సంసారం నడుస్తుంది. మూడోది పెద్దమ్మ. ఏడాది పొడుగునా మూల కూర్చుంటుంది, ఒక్క పనీ చెయ్యదు. కానీ అల్లుడు దారి తప్పి దీపం తొడుగు మీదికి ఎక్కిన రోజున, ఆ గొడవంతా తన నెత్తిన వేసుకుని మట్టిలో కలిపేస్తుంది, ముట్టుకున్నవాణ్ణి బతికిస్తుంది.

"తీగలకు రంగులుండగా ఈ చుట్టరికాలెందుకండీ?" అంది ఆమె, నవ్వు ఆపుకుంటూ.

బావామరుదులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ప్రశ్నకు జవాబు మేస్త్రి నోట్లోనే, సగం విరిగిన పన్ను రూపంలో ఉంది.

కారణం ఒక మాట. మేస్త్రి పుట్టి పెరిగిన ఇంట్లో పచ్చ అంటే ఆకు రంగు. ఆయన భార్య పుట్టి పెరిగిన ఇంట్లో పచ్చ అంటే పసుపు. ఆకు రంగును వాళ్ళు ఆకు రంగనే అనేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో ఈ తేడా ఎవరి దృష్టికీ రాలేదు. వచ్చేటప్పటికి బావమరిది, ఏ ఉద్యోగంలోనూ కుదురుకోని పడుచువాడు, అక్కా బావల దగ్గరికి చేరి పనికి తోడు వెళ్తున్నాడు. ఒక అచ్చాఫీసులో దీపాలు మార్చే పని వచ్చింది. అక్కడ యంత్రాలుండడం వల్ల కరెంటు మూడు తీగల్లో వచ్చేది: ఎరుపు, పసుపు, నీలం. వీటితోపాటు భూమిలోకి పోయే ఆకుపచ్చది ఒకటి. మేస్త్రి నిచ్చెన మీది నుంచి, బోర్డు దగ్గరున్న బావమరిదికి కేకేసి చెప్పాడు: "పచ్చదొక్కటీ వదిలేసి తక్కినవన్నీ తీసెయ్." బావమరిది చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఎర్రది తీశాడు, నీలంది తీశాడు, పచ్చదాన్ని వదిలేశాడు. తన ఇంటి పచ్చదాన్ని.

దీపం ఆ పసుపు తీగ మీదే ఉంది. మేస్త్రి గాల్లోకి లేచి, కత్తిరించిన కాగితం ముక్కల గుట్టలో తలకిందులుగా పడ్డాడు. గుట్ట మెత్తగా ఉండడం వల్ల ప్రాణం దక్కింది. గుట్ట కింద ఒక ఇనుప మేకు ఉండడం వల్ల పన్ను పోయింది. బావమరిది ఏడుస్తూ సాయంత్రం దాకా ఆ కాగితాల్లో సగం పన్ను కోసం వెతికాడు. దొరికితే అతుకుతుందని ఎవరు చెప్పారో తెలియదు.

ఇంటికి వచ్చాక పంచాయితీ జరిగింది. మేస్త్రి దండెం మీదున్న భార్య చీరను చూపించి, "ఇది ఏ రంగు?" అని అడిగాడు. అది పసుపు చీర.

"పచ్చ" అన్నాడు బావమరిది, ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వు చెప్పు" అన్నాడు మేస్త్రి భార్యతో.

"పచ్చే" అంది ఆమె. "మీకేం కనిపిస్తోంది?"

ఇంట్లో ఓట్లు రెండు ఒకవైపు, ఒకటి ఒకవైపు. ఓడిపోయిన మేస్త్రి ఆ క్షణం నుంచి పనిలో రంగు పేరెత్తడాన్ని నిషేధించాడు. చుట్టరికాల పేర్లు ఆ నిషేధం వల్ల పుట్టాయి. బావమరిది తన వైపు నుంచి ఇంకో నియమం పెట్టుకున్నాడు. మెయిన్ దింపడమే కాదు, ఫ్యూజును ఊడబీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. అది జేబులో ఉన్నంతవరకూ ఆ ఇంట్లో ఎవరు ఏ స్విచ్చి నొక్కినా, ఏ పిల్లవాడు బోర్డుతో ఆడుకున్నా బావకు ఏమీ కాదు. మేస్త్రి కిందికి దిగి రెండు కాళ్ళూ నేల మీద పెట్టేదాకా జేబు మీద నుంచి ఆయన చూపు పోయేది కాదు. ఈ నియమం వల్ల మేస్త్రికి ఒక దుర్గుణం అబ్బింది. మెయిన్ దింపారని ఎవరు చెప్పినా తీగను ముట్టుకునే ముందు టెస్టరుతో మళ్ళీ చూసుకోవాలన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. మేస్త్రి చూసుకునేవాడు కాదు. "జేబులో ఉంది" అని వినిపిస్తే చాలు, ఒట్టి వేళ్ళతో తీగను పట్టుకునేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట తప్పు కాలేదు.

చాలా ఏళ్ళకు తీగల రంగులు మారాయి. ఎరుపు పోయి గోధుమరంగు, నలుపు పోయి నీలం వచ్చాయి. పెద్దమ్మ మాత్రం ఒంటి నిండా ఆకుపచ్చ, పసుపు చారలు వేసుకుని వచ్చింది. ఆ కొత్త తీగ చుట్టను మొదటిసారి చూసిన రోజున బావమరిది దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "వీడెవడో మన తగువు విన్నట్టున్నాడు బావా, ఇద్దరికీ సగం సగం తీర్పు చెప్పాడు" అన్నాడు. పాత ఇళ్ళలో పాత రంగులు, కొత్త దీపాల్లో కొత్త రంగులు, వీటి మీద కప్పుకు వేసిన సున్నాలూ రంగులూ. పొరపాటు పడకుండా, పరీక్షించిన తీగకు వెంటనే రంగు దారం ముక్క కట్టే పద్ధతి పెట్టుకున్నాడు మేస్త్రి. దారాలు తెమ్మని బావమరిదిని బజారుకు పంపినదీ మేస్త్రే. ఈ వారంలో ఆయన ఈ సంగతిని ఎటు తిప్పి చూసుకున్నా, మరొకరి మీద నెట్టడానికి సందు దొరకలేదు.

దారాల కొట్టులో బావమరిది ఎర్రది అడిగి తీసుకున్నాడు, నల్లది అడిగి తీసుకున్నాడు. మూడోది అడగబోయి ఆగాడు. ఏళ్ళ తరబడి నోట పలకని మాట. చివరికి ధైర్యం చేసి, "పచ్చ దారం" అన్నాడు.

"ఏ పచ్చ?" అంది ఆవిడ.

ఆయనను అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అచ్చాఫీసులో ఆయన తన బావను అడిగి ఉండవలసిన ప్రశ్న అదే. ఆవిడ సొరుగు బయటికి లాగింది. చిలకపచ్చ, నాచుపచ్చ, నిమ్మపచ్చ, పసుపుపచ్చ, లేతాకు, ముదురాకు. తన ఇంటివాళ్ళ పచ్చ, బావ ఇంటివాళ్ళ పచ్చ ఒకే సొరుగులో, పక్కపక్కన, ఏ గొడవా లేకుండా కూర్చుని ఉన్నాయి. ఆయన పన్ను కథంతా చెప్పేశాడు. ఆవిడ నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, ఆకుపచ్చ దారాన్నీ పసుపు దారాన్నీ కలిపి పేని ఇచ్చింది. ఆ తర్వాత ఇంట్లో దారం తరచుగా అయిపోవడం మొదలైంది. ఊళ్ళో ఇళ్ళన్నిటిలోని తీగలకూ కట్టినా మిగిలేంత దారం సంచిలో పోగుపడుతున్నా అయిపోతూనే ఉండేది. మేస్త్రి దీన్ని దుబారా అనుకున్నాడు. ఆయన భార్య అనుకోలేదు.

ఇల్లాలికి ఇందులో పన్ను వరకూ చెప్పి ఊరుకున్నాడు బావమరిది. తర్వాత వసారాలోకి వెళ్ళి పరీక్ష కోసం కరెంటు ఇచ్చాడు. మేస్త్రి టెస్టరు ముట్టించగానే ఒక తీగ దగ్గర చిన్న నారింజ వెలుగు కనిపించింది.

"దొరికాడా?" వసారాలోంచి కేక.

"దొరికాడు. దింపి, అక్కడ ఆడపడుచును కాసేపు విప్పి, మళ్ళీ ఇవ్వు."

మేస్త్రి సంచీలోని పరీక్ష దీపాన్ని అల్లుడికీ తక్కిన రెంటికీ మార్చి మార్చి ఆనిస్తే, అది ఒక తీగ దగ్గర వెలిగింది, రెండోదాని దగ్గర వెలగలేదు. బోర్డు దగ్గర విప్పేసింది గనుక వెలగనిది ఆడపడుచు. మేస్త్రి ఎర్ర దారం, నల్ల దారం, పేనిన జంట దారం మూడింటికీ, ఒలిచిన కొసలు తగలకుండా, ముడివేశాడు. వేలి ఒరిపిడికి తీగల మీది రంగు పెచ్చులు ఊడి బావమరిది ఖాళీ చేసిన చోట గచ్చు మీద పడ్డాయి. నిచ్చెనను అప్పుడు ఇల్లాలు పట్టుకుని ఉంది. ఆమె శ్రద్ధగానే పట్టుకుంది. అయినా మేస్త్రి పాదాలకు తేడా తెలిసింది. కింద నుంచి రావలసిన బరువు రావడం లేదు.

"చూశారా" అంది ఆమె. "నేను కూడా పట్టుకోగలను."

"బాగానే పట్టుకున్నావమ్మా" అన్నాడు మేస్త్రి. నిజంగానే బాగా పట్టుకుంది. ఎవరు పట్టుకున్నా నిచ్చెన నిలబడుతుందన్న సంగతి ఆయనకు ఒకేసారి ఊరటగానూ అవమానంగానూ తోచింది. ఇన్ని రోజులూ తనకు తాను చెప్పుకుంటున్న కారణం అదే. నిచ్చెన ఎవరు పట్టుకుంటారు? జవాబు ఇదిగో, కాగితం చంకలో పెట్టుకుని కింద నిలబడి ఉంది. మరి ఇంకే కారణం మిగిలింది? పొద్దున్నే సందు మలుపులో తగువాడడానికి మనిషి ఉండడు. అది వద్దనడానికి చాలే కారణం కాదు. కానీ అంతకంటే పెద్ద కారణం వెతికితే దొరకలేదు.

"దింపేశాను బావా, ఆడపడుచును మళ్ళీ బిగించాను. జేబులో ఉంది."

బావమరిది వచ్చి నిచ్చెన అందుకున్నాడు. పాదాల కిందికి ఆ తెలిసిన బరువు తిరిగి వచ్చింది. మేస్త్రి కొత్త దీపం పళ్ళేన్ని కప్పుకు బిగించి, గోధుమరంగు తీగను ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కుడి చెయ్యి ఎర్ర దారం కట్టిన తీగ వైపు వెళ్ళింది. వెళ్ళి, దాన్ని ముట్టుకోకుండా ఆగి, వెనక్కి వచ్చి, జేబులోంచి టెస్టరు తీసింది. మొనను తీగకు ఆనించింది. వెలుగు రాలేదు.

కింద బావమరిది తల పైకెత్తాడు.

"అదేంటి బావా?"

"టెస్టరు."

"అది నాకూ తెలుసు. నేను దింపానన్నానుగా." ఫ్యూజును జేబులోంచి తీసి పైకి ఎత్తి చూపించాడు. "ఇదిగో. ఎప్పుడైనా తప్పానా?"

"లేదు."

"మరి?"

మేస్త్రి కిందికి చూడలేదు. చూస్తే మాట తడబడుతుందని తెలుసు. తీగల మీదే కళ్ళు పెట్టి, పనిలో ఉన్న మనిషిలా చెప్పాడు.

"రేపటి నుంచి ఎవడు దింపుతాడో, వాడికి ఏది మెయినో తెలుసో తెలీదో. ప్రతిసారీ చూసుకోవాలి. అలవాటు తప్పి ఏళ్ళయింది. ఇవాళే మొదలుపెడితే తప్ప ఈ చెయ్యి నా మాట వినదు."

నిచ్చెన సన్నగా వణకడం మొదలైంది. కింద పొట్ట కదులుతోంది. అది నవ్వో మరొకటో మొహం దాకా వస్తే గానీ తెలియదు.

"నిచ్చెన ఊగుతోందోయ్" అన్నాడు మేస్త్రి. "సరిగ్గా పట్టుకో. బస్సు సాయంత్రానికి కదా. అందాకా నువ్వు నా మనిషివే."

"పట్టుకున్నాను బావా."

ఇల్లాలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమైంది? ఏదైనా తేడా వచ్చిందా?"

"ఏం లేదమ్మా" అన్నాడు బావమరిది, భుజంతో కళ్ళు తుడుచుకుంటూ. "పెళ్ళి కుదిరింది."

"ఎవరికి? అల్లుడికీ ఆ గోధుమరంగుదానికా?"

"నాకేనమ్మా."

ఆమె ఆయన నెరిసిన తలనూ పొట్టనూ చూసి, ఇది కూడా తీగల గురించేనేమోనని ఒక క్షణం అనుమానపడి, కాదని తేల్చుకుని, లోపలికి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టింది. మేస్త్రి గోధుమరంగును అల్లుడితోను, నీలాన్ని ఆడపడుచుతోను, చారలదాన్ని పెద్దమ్మతోను కలిపి, ఒక్కొక్కదాన్నీ లాగి చూసి, గాజు గిన్నె తొడిగి దిగాడు. ఫ్యూజు జేబులోంచి బోర్డులోకి వెళ్ళింది. స్విచ్చి నొక్కే గౌరవం ఇల్లాలికే ఇచ్చారు. పట్టపగలు కావడం వల్ల వెలుగు పెద్దగా తెలియలేదు. అయినా ముగ్గురూ తలలెత్తి అలా కాసేపు చూశారు.

ఇంటి గుమ్మంలో భార్య తమ్ముడి మొహం చూసింది, భర్త మొహం చూసింది. ఏమీ అడగకుండా వెళ్ళి కంచాలు పెట్టింది. వడ్డిస్తూ మాత్రం, "ఏ రంగు చొక్కా వేసుకెళ్తావురా? నీ పచ్చ చొక్కా ఇస్త్రీ చేశాను" అంది.

"ఏ పచ్చ?" అన్నాడు మేస్త్రి.

"మీరు ఊరుకోండి" అంది ఆమె. మేస్త్రి ఊరుకున్నాడు. చొక్కా పసుపుదే.

భోజనం కాగానే, ఒక చిన్న పనుందని బావమరిది పెరట్లోకి వెళ్ళాడు. సుత్తి చప్పుడు కాసేపు వినిపించింది. ఏమిటని భార్య కేకేస్తే, "అయిపోయిందక్కా" అని జవాబు వచ్చింది. సాయంత్రం ముగ్గురూ బస్సు స్టాండుకు నడిచారు. అక్క కొనిపెట్టిన కొత్త చెప్పులు కరుస్తున్నాయని బావమరిది ప్రతి పది అడుగులకూ ఆగాడు.

"పాతవే వేసుకోకపోయావా?" అన్నాడు మేస్త్రి.

"అవి ఇక్కడే ఉంటాయిలే బావా. నేను మోసుకెళ్ళలేను."

"చెప్పుల్ని మోసుకెళ్ళడమేమిటోయ్, అవి నిన్ను మోసుకెళ్ళాలి గానీ."

బస్సు ముందే వచ్చి ఉంది. చెప్పుకోవలసిన మాటలకు సమయం చాలనందుకు ముగ్గురూ లోలోపల సంతోషించారు. బావమరిది కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నాడు. అక్క నీళ్ళ సీసా అందించి, వెళ్ళగానే ఫోను చెయ్యమంది. మేస్త్రి కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"ఆవిడతో రంగుల గురించి వాదించకు."

"ఎప్పుడో ఓడిపోయాను బావా. ఇప్పుడు నిమ్మపచ్చను నిమ్మపచ్చనే అంటున్నాను."

"మంచిది."

"పైకెక్కే ముందు టెస్టరు చూసుకో."

"చూసుకుంటాను."

బస్సు కదిలింది. పసుపు చొక్కా చెయ్యి ఒకటి మలుపు దాకా కిటికీ బయటే ఉంది. తర్వాత బస్సు ఒక్కటే కనిపించింది, తర్వాత అదీ లేదు. భార్య పైట చెంగుతో ముక్కు ఒత్తుకుని, "ఇంటికి పదండి, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చాను" అంది. పెట్టలేదని ఇద్దరికీ తెలుసు. అయినా గబగబా నడిచారు.

ఇంకా వెలుతురు ఉంది. మర్నాటి పనికి సామాను చూసుకోవాలని మేస్త్రి పెరట్లోకి వెళ్ళాడు. గోడకు ఆనించి ఉన్న నిచ్చెనను అలవాటు ప్రకారం అడుగు పట్టుకుని ముందుకు లాగాడు. ఎప్పుడూ నున్నటి సిమెంటు మీద జర్రున జారి వచ్చేది. ఈసారి రాలేదు. మొండికేసినట్టు ఉన్నచోటే నిలబడింది. ఇంకాస్త గట్టిగా లాగి, అప్పటికీ రాకపోతే, నెమ్మదిగా పక్కకు వాల్చి దాని కాళ్ళ కింద చూశాడు.

నిచ్చెన రెండు కాళ్ళకూ చెప్పులున్నాయి. బావమరిది పాత రబ్బరు చెప్పుల ముందు సగాలు, కత్తితో వంకరటింకరగా కోసి, చుట్టూ చిన్న చిన్న మేకులు కొట్టి ఉన్నాయి. ఎడమ చెప్పు కుడికాలికీ, కుడి చెప్పు ఎడమకాలికీ వెళ్ళిపోయాయి. అడుగులు అరిగి నున్నబడ్డందువల్ల కాబోలు, పాదం ఆనే వైపును కిందికి తిప్పి కొట్టాడు. బొటనవేళ్ళు ఏళ్ళ తరబడి నొక్కిన చోట, రెండు గుంటలు ఇంకా అలాగే లోతుగా ఉన్నాయి.